బాయ్‌కాట్: మేయో నుంచి గుంటూరు దాకా

1880 సెప్టెంబరు 22న ఐర్లండ్ పడమటి కొసన ఉన్న మేయో కౌంటీలో ఒక కోర్టు అమీనా పదిహేడు మంది పోలీసులను వెంటబెట్టుకుని కౌలుదార్ల ఇళ్ళకు బయలుదేరాడు. అతని చేతిలో ఉన్నవి బేదఖలు నోటీసులు. ముగ్గురికి ఇచ్చాడు. ఆ తర్వాతి గుమ్మం దగ్గర ఇంటావిడ నోటీసు తీసుకోనంది. ఈలోగా చుట్టుపక్కల ఆడవాళ్ళందరికీ కబురు తెలిసిపోయింది. రాళ్ళు, బురద, పేడ ఏది చేతికి దొరికితే అది విసురుతూ అమీనాను, పోలీసులను తరిమారు. వాళ్ళు పరుగెత్తి తలదాచుకున్న ఇల్లు లాఖ్ మాస్క్ అనే సరస్సు ఒడ్డున ఉంది. ఆ ఇంటి యజమాని పేరు చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్.

నేడు తెలుగు పత్రికల్లో ఈ పేరు కనబడని వారం ఉండదు. సభను బాయ్‌కాట్ చేశారు, క్లాసులు బాయ్‌కాట్ చేశారు, ఫలానా సినిమాను బాయ్‌కాట్ చేయమంటున్నారు అని చదువుతూనే ఉంటాం. ఇంగ్లిషు రానివారు కూడా సొంత మాటలాగే వాడేస్తారు. మనిషి పేరు క్రియాపదం అయిపోయిన మాటలు ఇంగ్లిషులో ఇంకా ఉన్నాయి గానీ, ఏ నెలలో పుట్టింది, ఏ ఊళ్ళో పుట్టింది, ఎవరి నోట పుట్టింది అని ఇంత స్పష్టంగా చెప్పగలిగినవి తక్కువ. ఈ వ్యాసం ఆ పుట్టుకను చెప్పి, మాట మన నేలకు వచ్చాక ఏమైందో చూస్తుంది. మాటకంటే పని ఎంతో పాతది. ఆ పనిని ఎవరు ఎవరి మీద చేస్తున్నారన్నదాన్ని బట్టి దాని స్వభావమే మారిపోతుంది. బాయ్‌కాట్ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే సంగతి అదే.

బాయ్‌కాట్ 1832లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో, బర్గ్ సెయింట్ పీటర్ అనే ఊళ్ళో పుట్టాడు. కొన్నాళ్ళు సైన్యంలో చిన్న అధికారిగా పనిచేసి, ఐర్లండ్ అమ్మాయిని పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయాడు. అందరూ అతన్ని కెప్టెన్ అనేవారు గానీ సైన్యంలో ఆ హోదా అతనికి ఎన్నడూ రాలేదు. ఎకిల్ ద్వీపంలో చాలా ఏళ్ళు వ్యవసాయం చేసి, 1873లో లాఖ్ మాస్క్‌కు వచ్చాడు. అక్కడి భూములు లార్డ్ ఎర్న్ అనే జమీందారువి. ఆ ప్రభువు ఉండేది వేరే కౌంటీలో. కౌలు వసూలు చేసి పంపే ఏజెంటు పని బాయ్‌కాట్‌ది. తన కింద పెద్ద కమతం పెట్టుకుని సొంత సేద్యమూ చేసేవాడు. కౌలుదార్లు నలభై మంది లోపే. గేటు వేయడం మరిచిపోతే జరిమానా, కోళ్ళు తన పొలంలోకి వస్తే జరిమానా అన్నట్టుగా చిన్న చిన్న కట్టుబాట్లు పెట్టి జనాన్ని విసిగించాడని ఆ ప్రాంతంలో చెప్పుకునేవారు. ఇందులో రాక్షసత్వం ఏమీ లేదు. ఐర్లండ్ అంతటా అలాంటి ఏజెంట్లు వందల సంఖ్యలో ఉన్నారు. చరిత్ర ఇతన్నే పట్టుకోవడానికి కారణం ఇతని గుణం కాదు, ఆ ఏడాది కాలపరిస్థితి.

1840లలో బంగాళాదుంప పంట పోయి వచ్చిన మహాక్షామం ఐర్లండ్‌లో సుమారు పది లక్షల మందిని చంపి, మరో పది లక్షల మందిని వలస పంపింది. ఆ గాయం మానకముందే 1879లో వానలు ఎక్కువై మళ్ళీ పంటలు దెబ్బతిన్నాయి. కౌలు కట్టలేనివాళ్ళను భూముల నుంచి వెళ్ళగొట్టడం మొదలైంది. ఆ ఏడాది అక్టోబరులో మేయో కౌంటీలోనే, కాజిల్‌బార్ ఊళ్ళో కౌలుదార్ల పక్షాన ల్యాండ్ లీగ్ అనే సంఘం పుట్టింది. దాన్ని నిలబెట్టినవాడు మైకేల్ డేవిట్. అతని కుటుంబాన్ని కూడా చిన్నతనంలో ఆ కౌంటీలోనే ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. అధ్యక్షుడు పార్లమెంటు సభ్యుడు చార్లెస్ స్టూవర్ట్ పార్నెల్.

1880 సెప్టెంబరు 19న, అంటే అమీనాను తరిమిన రోజుకు సరిగ్గా మూడు రోజుల ముందు, పార్నెల్ ఎన్నిస్ అనే ఊళ్ళో ఉపన్యసించాడు. పొరుగువాణ్ణి వెళ్ళగొట్టిన భూమికి ఇంకొకడు ఆశపడి కౌలుకు పాడితే వాణ్ణి ఏం చేయాలని జనాన్ని అడిగాడు. కాల్చి చంపాలని గుంపులోంచి కేకలు వచ్చాయి. అంతకంటే మంచి దారి, క్రైస్తవానికి తగిన దారి ఒకటి ఉందని పార్నెల్ అన్నాడు. దారిలో ఎదురైతే పలకరించవద్దు, అంగడి దగ్గర, సంతలో, చివరికి ప్రార్థనామందిరంలో కూడా అతన్ని ఒంటరిగా వదిలేయండి, పూర్వం కుష్ఠురోగిని దూరం పెట్టినట్టు పెట్టండి అని చెప్పాడు. ఆనాటి ఐర్లండ్ పల్లెల్లో జమీందార్లను, ఏజెంట్లను చాటుమాటున కాల్చడం ఎరగని సంగతి కాదు. తుపాకీ పట్టబోయే చేతికి మరో పని చెప్పాడు పార్నెల్. అయితే ఆ పోలికలోని క్రూరత్వాన్ని కూడా గమనించాలి. మనిషికి మనిషి తోడును తీసివేయడం చిన్న శిక్ష కాదు.

లార్డ్ ఎర్న్ కౌలులో పది శాతం తగ్గిస్తానన్నాడు. ఇరవై అయిదు తగ్గించమని కౌలుదార్లు అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. నోటీసులు అందుకే బయలుదేరాయి. అమీనాను తరిమిన మర్నాడు పక్కనే ఉన్న బాలిన్‌రోబ్ పట్నం నుంచి జనం లాఖ్ మాస్క్‌కు వచ్చి, పొలంలో, కొట్టంలో, ఇంట్లో పనిచేసేవాళ్ళందరినీ వెళ్ళిపొమ్మన్నారు. కొందరు ఇష్టంతో, కొందరు భయంతో వెళ్ళిపోయారు. కమ్మరి గుర్రాలకు లాడాలు కొట్టనన్నాడు. చాకలి మనిషి బట్టలు తీసుకోనంది. బాలిన్‌రోబ్ దుకాణాల్లో సరుకులు పుట్టలేదు. టపా తెచ్చే కుర్రవాడు మానేస్తే బాయ్‌కాట్ తన మేనల్లుణ్ణి పంపాడు. ఆ పిల్లవాణ్ణి కూడా దారిలో ఆపి బెదిరించారు. వంటసరుకులు కాంగ్ అనే మరో ఊరి నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. భార్య, బంధువుల పిల్లలు, తాను కలిసి పశువుల పని, ఇంటిపని చేసుకున్నారు. బయట పొలంలో ధాన్యం, బంగాళాదుంప, టర్నిప్, పశువుల మేత దుంపలు కోతకు వచ్చి నిలబడి ఉన్నాయి. కోయడానికి ఒక్క చెయ్యి లేదు.

అక్టోబరు 18న లండన్ టైమ్స్ పత్రికలో బాయ్‌కాట్ రాసిన ఉత్తరం అచ్చయింది. తనకు జరిగినదంతా వరుసగా రాసి, గేట్ల తాళాలు పగలగొట్టారనీ, గోడలు కూలదోశారనీ, పంటను తొక్కేసి ఎత్తుకుపోతున్నారనీ, తనను నాశనం చేసి దేశం నుంచి పంపేయడమే లీగు ఉద్దేశమనీ చెప్పుకున్నాడు. ఆ ఉత్తరాన్ని కట్టుకథ అని కొట్టిపారేయలేం. లాఖ్ మాస్క్‌లో జరిగిన పోరాటంలో బెదిరింపు ఉత్తరాలూ, దొంగతనాలూ కలిసే ఉన్నాయి. కానీ దాదాపు రెండు నెలల్లో అతని మీద చెయ్యి పడలేదు, ప్రాణం పోలేదు. ఆ కాలపు మేయోలో ఇది తక్కువ విషయం కాదు.

ఉత్తరం చదివిన ఇంగ్లండ్ కదిలింది. డబ్లిన్, బెల్‌ఫాస్ట్ పత్రికలు చందాలు పోగుచేశాయి. అల్‌స్టర్ నుంచి వందల మంది ప్రొటెస్టెంటు కార్యకర్తలను ఆయుధాలతో పంపి పంట కోయించాలన్నది మొదటి ఆలోచన. అది అంతర్యుద్ధానికి దారితీస్తుందని భయపడిన ఐర్లండ్ ప్రధాన కార్యదర్శి ఫార్‌స్టర్ యాభై మందికి మించి వీల్లేదన్నాడు. కావన్, మొనహన్ కౌంటీల నుంచి యాభై మంది వచ్చారు. వాళ్ళను కాపాడడానికి వందల సంఖ్యలో సైనికులు, పోలీసులు దిగారు. నవంబరు 11న క్లేర్‌మారిస్ స్టేషన్‌లో రైలు దిగితే వాళ్ళకు బండ్లు కట్టేవాడు లేడు. కుండపోత వానలో పద్నాలుగు మైళ్ళు నడిచి వెళ్ళారు. రెండు వారాలు ముసురులోనే దుంపలు తవ్వారు. సైనికులు చలి కాచుకోవడానికి బాయ్‌కాట్ తోటలో చెట్లు నరికారు, అతని గొర్రెలు కొన్ని మాయమయ్యాయి. కాపాడటానికి వచ్చినవాళ్ళ వల్లే అతనికి మరింత నష్టం జరిగిందంటే అతిశయోక్తి కాదు. అయిదు వందల పౌండ్ల విలువైన పంట ఇల్లు చేర్చడానికి పది వేల పౌండ్లు ఖర్చయ్యాయని ఆనాటి అంచనా. టర్నిప్పు దుంప ఒక్కొక్కటి తవ్వడానికి ఒక షిల్లింగు పడిందని పార్నెల్ లెక్క చెప్పాడు. పోరాటం గెలిచింది అక్కడే. యాభై మంది కూలీలు చేసే పనికి ఒక సామ్రాజ్యం సైన్యాన్ని దింపవలసి వచ్చింది. ఆ పని చేసే ఊరి కూలీలు మామూలు రోజుల్లో ఎవరికీ కనబడనివాళ్ళు.

నవంబరు 27న బాయ్‌కాట్ కుటుంబం లాఖ్ మాస్క్ విడిచి వెళ్ళింది. బండి తోలేవాడు దొరక్క సైన్యపు ఆంబులెన్సులో వెళ్ళారు. డబ్లిన్‌లో దిగిన హోటలు యజమానికి కూడా బెదిరింపు ఉత్తరం వచ్చింది. డిసెంబరు 1న ఓడెక్కి ఇంగ్లండ్ చేరారు. తర్వాత కొంతకాలానికి బాయ్‌కాట్ మళ్ళీ లాఖ్ మాస్క్‌కు తిరిగివచ్చాడు. మొదట్లో మళ్ళీ వ్యతిరేకత ఎదురైనా, తర్వాత పరిస్థితి నెమ్మదించింది. 1886లో సఫోక్‌లో ఉద్యోగం దొరికి ఐర్లండ్ వదిలేశాడు, 1897లో చనిపోయాడు. అప్పటికి అతని పేరు యూరప్ భాషలు చాలావాటిలోకి వెళ్ళిపోయింది.

ఆ పేరును మాటగా మలచిన ఖ్యాతి లాఖ్ మాస్క్ పక్కన నీల్ అనే ఊరి చర్చి గురువు ఫాదర్ జాన్ ఓమాలీకి దక్కుతుంది. ఈ సంగతి చెప్పినవాడు జేమ్స్ రెడ్‌పాత్ అనే అమెరికన్ పత్రికా రచయిత. అతను బానిసత్వ నిర్మూలన ఉద్యమంలో పనిచేసినవాడు. ఐర్లండ్ రైతుల కథ రాయడానికి వచ్చి, ఫాదర్ ఓమాలీ ఇంట్లో భోజనం చేస్తూ, జమీందారుకు లేదా ఏజెంటుకు జనం వేసే ఈ వెలికి ఏ మాట వాడాలో తోచడం లేదన్నాడట. గ్రీకు మూలం ఉన్న పండిత పదం ఒకటి ఉంది గానీ రైతులకు అది అర్థం కాదని కూడా అతనే అన్నాడట. ఫాదర్ కాసేపు నుదురు తట్టుకుని, దీన్ని అతని పేరుతోనే పిలిస్తే ఎలా ఉంటుందని అడిగాడు. ఆ అక్టోబరులోనే రెడ్‌పాత్ రాసిన అమెరికన్ పత్రికల్లో మాట అచ్చెక్కింది. నవంబరు 20 నాటికి టైమ్స్ కూడా మరో ఊరి గురించి రాస్తూ దాన్ని వాడింది. కొద్ది కాలంలోనే ముందరి పెద్దక్షరం పోయి మామూలు క్రియ అయింది. త్వరలోనే ఫ్రెంచివాళ్ళు, తర్వాత జర్మన్లు, రష్యన్లు తమ వ్యాకరణాలకు తగినట్టు దాన్ని మార్చి తీసుకున్నారు.

అన్ని భాషలూ ఇంత తొందరగా ఎగబడ్డాయంటే ఆ పని అన్నిచోట్లా ఉందనే అర్థం. 1791లోనే బ్రిటన్‌లో బానిసల చేత పండించిన చక్కెరను మానేయమని కరపత్రాలు వచ్చాయి. దాదాపు మూడు లక్షల మంది మానేశారని థామస్ క్లార్క్‌సన్ అంచనా. దానికంటే ముందు అమెరికా వలసల్లో బ్రిటిష్ సరుకు దిగుమతి చేసుకోకూడదని ఒప్పందాలు జరిగాయి. పని ఎప్పటి నుంచో ఉంది, పలకడానికి సులువైన మాట మాత్రం 1880 దాకా దొరకలేదు.

మన దగ్గర మాట కూడా ఉంది. దాన్ని వెలి అనేవాళ్ళం. లాఖ్ మాస్క్ గొడవ ముగిసిన ఏడాదికి, 1881 డిసెంబరు 11న, రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు. ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళను, అక్కడ భోజనం చేసినవాళ్ళను కులపెద్దలు వెలివేశారు. పీఠాధిపతి నుంచి శ్రీముఖాలు తెప్పించారు. పురోహితుడు రాలేదు, వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు మోసేవాళ్ళు దొరకలేదు. వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు స్వయంగా గోదావరి నుంచి నీళ్ళు మోసి, వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టారు. బాయ్‌కాట్ ఇంట్లో కమ్మరి, చాకలి, టపా కుర్రవాడు ఆగిపోయినట్టే ఇక్కడ పురోహితుడు, వంటవాడు, నీళ్ళ మనిషి ఆగిపోయారు. పైపైన చూస్తే రెండూ ఒకటే. కానీ మేయోలో భూమి లేనివాళ్ళు భూమి మీద అధికారం ఉన్నవాణ్ణి దూరం పెట్టారు. రాజమహేంద్రవరంలో కట్టుబాటు మీద అధికారం ఉన్నవాళ్ళు, దాన్ని దాటినవాళ్ళను దూరం పెట్టారు. అక్కడ అలా చేసినవాళ్ళకు అంతకుమించి ఇంకో సాధనం లేదు. ఇక్కడివాళ్ళకు శాస్త్రం, పీఠం, కులం అన్నీ అండగా ఉన్నాయి.

తెలుగులో ఈ రెండు పనులకూ తర్వాత ఒకే మాట స్థిరపడింది. పార్టీ నుంచి బహిష్కరణ అంటాం, నగర బహిష్కరణ అంటాం, అక్కడ బలమున్న చెయ్యి ఒకరిని బయటికి నెడుతోంది. సభ బహిష్కరణ, విధుల బహిష్కరణ అన్నప్పుడు బలం తక్కువైనవాళ్ళు తామే బయటికి వస్తున్నారు. అందుకే కాబోలు పత్రికలు రెండో అర్థం కావలసినప్పుడు బాయ్‌కాట్ అనే ఎక్కువగా రాస్తాయి. లేచి బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చుంటే వాకౌట్, అసలు లోపలికే రామంటే బాయ్‌కాట్ అని శాసనసభ వార్తలు రాసేవాళ్ళు తేడా పాటిస్తారు.

మాట మన రాజకీయాల్లోకి బెంగాల్ మీదుగా వచ్చింది. 1905 జులైలో కృష్ణకుమార్ మిత్రా నడిపిన సంజీవని పత్రిక బంగ విభజనకు నిరసనగా విదేశీ వస్తువులను బాయ్‌కాట్ చేయాలని రాసింది. ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలు సభలో తీర్మానం జరిగింది. ఐర్లండ్ పేరు ఆనాటి ఉపన్యాసాల్లో తరచు వినబడేది. అయితే ఉద్యమం పల్లెల్లోకి వెళ్ళినకొద్దీ చిక్కులు వచ్చాయి. చవక విలాయతీ గుడ్డ అమ్ముకుని బతికే చిన్న వర్తకుల్లో, పేద ముస్లిముల్లో చాలామందికి ఖరీదైన స్వదేశీ గుడ్డ తేవడానికి పెట్టుబడి లేదు, తెచ్చినా కొనేవాడు దొరకడు. జమీందార్లు, వాళ్ళ కుర్రవాళ్ళు వాళ్ళ మూటలు లాగి తగలబెట్టిన చోట్ల బాయ్‌కాట్ తలకిందులైంది. రవీంద్రనాథ్ ఠాకూర్ 1916లో వెలువరించిన ఘరే బాయిరే నవల ఈ బాధను వదలకుండా పట్టుకుంది. స్వదేశీని ప్రేమించిన మనిషే దాన్ని రాశాడన్నది మరువకూడదు.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో తిరిగాడు. రాజమహేంద్రవరంలో ఆయన ఇంగ్లిషు ఉపన్యాసాలకు చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చెప్పారు. వీరేశలింగం గారి మీద వెలి పడిన ఊళ్ళోనే, పాతికేళ్ళ తర్వాత, విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు పెట్టుకుని కాలేజీకి వెళ్ళారు. కాలేజీ వాళ్ళను గెంటేసింది. అలా గెంటివేతకు గురైనవారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు తర్వాత పత్రిక నడిపి, జైలుకెళ్ళి, జీవితమంతా ప్రజల మధ్య గడిపారు.

గాంధీ కాలానికి శాసనసభలు, కోర్టులు, సర్కారు బడులు మూడింటినీ విడిచిపెట్టడం కార్యక్రమమైంది. గాంధీకి బాయ్‌కాట్ మాట మీద మొదటి నుంచీ అనుమానమే. అందులో శిక్షించాలన్న కోపం వాసన వస్తుందని, సహాయ నిరాకరణ వేరని ఆయన వాదం. సామాజిక బహిష్కారాన్ని గురించి ఆయన ఒక గీత గీశారు. ఒకరి ఇంట్లో విందుకు వెళ్ళకపోవచ్చు, వియ్యం మానుకోవచ్చు. కానీ నీళ్ళు, వైద్యం, రోజువారీ సేవలు ఆపడం హింసేనన్నారు. ఆ గీత గీయవలసి వచ్చిందంటే ఊళ్ళలో దాన్ని దాటుతున్నారన్నమాటే.

1921, 22 సంవత్సరాల్లో గుంటూరు జిల్లా ఈ ఆయుధాన్ని దాదాపు మేయో పద్ధతిలోనే వాడింది. పల్నాటి అడవుల్లో పశువుల మేతకు పుల్లరి కట్టలేమన్న రైతులు, కొండజాతివాళ్ళు అటవీ, రెవెన్యూ అధికారులకు ఊళ్ళో ఏ సాయమూ అందకుండా చేశారు. అదంతా తెలుసుకోవడానికి వెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచారి అరెస్టయ్యారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు శిస్తు ఆపేశారు. కరణాలు, మునసబులు ఒకరి తర్వాత ఒకరు రాజీనామా ఇచ్చారు. పాత బాకీకి జప్తు చేసిన గొడ్డూ గోదా, గిన్నే చెంబూ వేలానికి పెడితే పాడేవాడు లేడు. వేలం అంటే ఒకరు పాట పాడాలి కదా. ఆ ఒక్కడు దొరక్కపోతే చట్టం చేతిలో ఉన్న జప్తు మాలు మోసుకుపోవలసిన బరువు తప్ప మరేమీ కాదు. చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమం ఆపారు, పెదనందిపాడూ ఆగింది.

సరిగ్గా ఆ 1922లోనే బర్మాలో బ్రిటిష్ ప్రభుత్వం బాయ్‌కాట్ వ్యతిరేక చట్టం చేసింది. అక్కడి ఊళ్ళలో జాతీయవాద సంఘాలు ప్రభుత్వ పక్షాన నిలిచే గ్రామపెద్దలను దూరం పెడుతున్నాయి. దాన్ని అణచడానికి చేసిన చట్టం అది. జాతీయోద్యమం చదివినవాళ్ళకు దాన్ని నల్లచట్టాల్లో ఒకటిగా పక్కన పెట్టాలనిపిస్తుంది. దాన్ని వెతికి పట్టుకున్న మనిషి డాక్టర్ అంబేద్కర్.

1927లో మహద్ చెరువు నీళ్ళు తాగినందుకు అంటరానివాళ్ళ మీద జరిగిన దాడులు, ఊళ్ళలో వాళ్ళ మీద వేసిన కట్టడి ఆయనకు కళ్ళముందరివి. ఆ మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వం స్టార్టే అధ్యక్షతన వేసిన కమిటీలో ఆయన సభ్యుడు. ఆ కమిటీ నివేదిక ఊరిని కళ్ళకు కట్టించింది. పనులు ఇచ్చేదీ భూమి ఇచ్చేదీ పెద్ద కులాలే. దళితుడు తనకు చట్టమిచ్చిన హక్కును వాడితే దారి మూసేస్తారు, అంగడివాడు సరుకు అమ్మడు. ఊరి బావిలో నీళ్ళు తోడినందుకు, భూమి కొన్నందుకు, మంచి బట్టలు, నగలు పెట్టుకున్నందుకు, పెళ్ళికొడుకును గుర్రమెక్కించి వీధిలో ఊరేగించినందుకు ఈ శిక్ష పడింది. 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన అంబేద్కర్, మద్రాసుకు చెందిన రెట్టమలై శ్రీనివాసన్ కలిసి దళితుల రక్షణల పత్రం ఇచ్చారు. బాయ్‌కాట్‌ను శిక్షార్హమైన నేరంగా అందులో నిర్వచించారు. ఇల్లు, భూమి ఇవ్వననడం, పని ఇవ్వననడం, వ్యాపారం చేయననడం అన్నిటినీ చేర్చారు. ఆ నిర్వచనాన్ని బర్మా చట్టం నుంచి కొద్ది మార్పులతో తీసుకున్నామని చెప్పారు.

పాలకులు తమ నౌకర్లను కాపాడుకోవడానికి చేసుకున్న కత్తిని ఊళ్ళో అందరికంటే కింద ఉన్నవాడికి డాలుగా మార్చడం ఇది. చరిత్రను ఇంత నిశితంగా చదివిన నాయకుడు ఆ తరంలో మరొకరు లేరని నేననుకుంటాను. మేయో రైతుకు పనికి రానని చెప్పే శక్తి ఉంది, ఎందుకంటే పంట నిలబడిపోతుంది. దళిత కూలీకి పని ఇవ్వకూడదని ఊరంతా కట్టు కడితే నిలిచిపోయేది అతని పొయ్యి. రెండింటికీ పేరొక్కటే అయినంత మాత్రాన న్యాయం ఒకటి కాదని అంబేద్కర్ చూపించారు. అదే ప్రశ్న పాతికేళ్ళ తర్వాత అమెరికాలో ఇంకొకరిని వేధించింది. 1955 డిసెంబరులో మాంట్‌గమరీ నల్లవాళ్ళు సిటీ బస్సులు ఎక్కడం మానేసినప్పుడు, తెల్లవాళ్ళ సంఘాలు నల్లవాళ్ళ అప్పులు, ఉద్యోగాలు ఆపడానికి వాడే పద్ధతినే తామూ వాడుతున్నామా అని మార్టిన్ లూథర్ కింగ్ తర్జనభర్జన పడ్డాడు. తాము చేస్తున్నది బస్సు కంపెనీని ముంచడం కాదు, అన్యాయంతో సహకరించకపోవడం అని సమాధానం చెప్పుకున్నాడు. ఆ పోరాటం 381 రోజులు సాగింది.

స్వతంత్ర భారతంలో 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం బాయ్‌కాట్‌కు అర్థం రాసింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను, దాని బెదిరింపును కూడా నేరమంది. 2016 జనవరి 26 నుంచి అది అమల్లో ఉంది. ఈ రెండు చట్టాల మధ్య మన నేల మీద చుండూరు ఉంది. పెదనందిపాడు ఉన్న అప్పటి గుంటూరు జిల్లాలోనే 1991 జులైలో చుండూరు దళితులకు పెద్ద కులాల రైతులు పనులు ఆపేశారు. కూలి కోసం వాళ్ళు ఇతర ఊళ్ళకు పోవలసి వచ్చింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. బాయ్‌కాట్ అంటే చేతులు కట్టుకుని నిలబడడమే, అందులో హింస ఉండదు అనేవాళ్ళు ఈ వారాల క్రమాన్ని ఒకసారి చూడాలి.

నేటికీ మన ఊళ్ళలో రెండు దిక్కుల బాయ్‌కాట్లూ సాగుతున్నాయి. రోడ్డు వేయలేదనో వంతెన కట్టలేదనో ఊరి పొలిమేరలో ఎన్నికల బహిష్కరణ అని ఫ్లెక్సీ కట్టే పల్లెలున్నాయి. పోలింగు ముందురోజు తహశీల్దారు, ఒక్కోసారి ఇంకా పెద్ద అధికారులు వచ్చి మాటిచ్చి వెళతారు. అధికారికి ఊరి ఓటు కావాలి కాబట్టి ఆ ఫ్లెక్సీకి బలం ఉంది. మరో వైపు నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల్లో గ్రామాభివృద్ధి కమిటీలు చెప్పిన మాట వినని కుటుంబాలను, కొన్నిసార్లు ఒక కులం మొత్తాన్ని, వెలివేసిన కేసులు పోలీసుల దగ్గరికి పదే పదే వస్తున్నాయి. కిరాణా కొట్టు సరుకు అమ్మదు, ఆటోవాడు ఎక్కించుకోడు, హోటల్లో టీ పోయరు. వాటిలో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళపై పడిన వెలికి 2015 సవరణ వర్తించదు. అలాంటి వెలిని నేరం చేస్తూ మహారాష్ట్ర ప్రత్యేక చట్టం చేసుకుంది. 2016లో అక్కడి శాసనసభ ఆమోదించిన ఆ చట్టం కులపంచాయతీలు కుటుంబాలను వెలివేయడాన్నే లక్ష్యం చేసుకుంది.

ఇలాంటి కేసుల్లో అసలు కష్టం సాక్ష్యం దగ్గర వస్తుంది. కొట్టడానికి దెబ్బ సాక్ష్యం, దోచుకోవడానికి సొత్తు సాక్ష్యం. అమ్మలేదు, పిలవలేదు, పలకలేదు అన్నవి చేయని పనులు. నా కొట్టు నా ఇష్టం అని ప్రతివాడూ విడివిడిగా చెప్పగలడు. కేసు నిలబడిన చోట్ల దాన్ని నిలబెట్టేది సాధారణంగా జరిమానా. వెలిపడ్డ ఇంటివాళ్ళతో మాట్లాడితే ఇంత కట్టాలని కమిటీ విధించిన డబ్బు, దాన్ని ఊరంతా వినేలా చాటిన దండోరా, కట్టినవాడి పేరు రాసిన పద్దు పుస్తకం దొరికితే, పలకడం మానేసినవాళ్ళు ఇష్టపడి మానలేదని తేలుతుంది. దర్యాప్తుకు వెళ్ళే అధికారి వెలిపడిన ఇంటితో పాటు, ఆ ఇంటికి పాలు పోసినందుకు జరిమానా కట్టిన పొరుగింటికి కూడా వెళ్ళి అడగవలసింది అందుకే.